మీసాల వినాయకుడి నిమజ్జనం

ఈ కథలో ఒక్క మాట అబద్ధమని తేల్చినవాడు నా ముందరి పళ్ళు రెండూ ఊడగొట్టవచ్చు. నోట్లో మిగిలినవి ఆ రెండే కాబట్టి పందెం చిన్నదనుకోకండి.

అనుమానం ఉన్నవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి. వెనక చేరి గొణిగేవాళ్ళంటే నాకు గిట్టదు. కథ అయ్యాక సాక్షి పేరు కూడా చెబుతాను. సాక్షిని పేరుతో సహా చూపించి కథ చెప్పే మొనగాడు ఈ చుట్టుపక్కల నేను తప్ప ఇంకొకడు పుట్టలేదు, పుట్టడు కూడా.

తక్కినవాళ్ళంతా ఒకానొక రాజ్యంలో అని మొదలుపెట్టి చేతులు దులుపుకుంటారు. వాళ్ళకు ఆ రాజ్యం పేరు తెలియదు పాపం. నాకు తెలుసు. కనుమలదుర్గం. దాన్ని ఏలినవాడు ఉద్దండకేసరి మహారాజు.

ఆ పేరు పలకడానికి నోరు ఎంత కష్టపడాలో, ఆ మనిషిని మోయడానికి నేల అంత కష్టపడేది. ఆయనకు రాజ్యం కన్నా మీసం పెద్దది. కుడి కొస కొలువులో ఉండగా ఎడమ కొస వంటశాలలో పులుసు రుచి చూసేదని చెబితే మీరు నవ్వుతారు. అందుకని అంత దూరం పోను. గుమ్మం దగ్గర మాత్రం మహారాజు పక్కకు తిరిగి రావలసిందే. ఆ మీసానికి నెయ్యి పట్టించి, కొసలు మెలిపెట్టి, నడిచేటప్పుడు ఏ స్తంభానికీ తగలకుండా పట్టుకోవడానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టారు. వాడు ఓబులేసు. వాణ్ణి కాస్త గుర్తుపెట్టుకోండి.

రాజుగారి పక్కనే ఆస్థాన పండితుడు శంభుశాస్త్రి. సన్మానాల్లో వచ్చిన శాలువాలన్నీ ఒకదాని మీద ఒకటి కప్పుకుని, నడివేసవిలో కూడా ఒక్కటి తీయని ఘనుడు. రాజు తుమ్మితే అది శుభశకునమని అప్పటికప్పుడు శ్లోకం కట్టేవాడు. ఆ కొలువులో 'కాదు' అన్న మాట వినపడి ఎన్నేళ్ళయిందో గోడలు కూడా మరిచిపోయాయి.

ఇక కూచన. కొలువులో పురాణం చెప్పే మనిషి. చూడబోతే కందిపుల్లలా ఉంటాడు, గాలి గట్టిగా వీస్తే గుంజ పట్టుకోవాలి. మాట మాత్రం అలాంటిలాంటిది కాదు. ఒకసారి కనుమ దారిలో పులి ఎదురైతే, పారిపోకుండా నిలబడి దానితో మాట్లాడాడు. సాయంత్రానికి ఆ పులి వంకాయ కూరకు అలవాటు పడింది. నమ్మరా? సరే, పులి సంగతి వదిలేయండి. ఇప్పుడు చెప్పేది అంతకన్నా పెద్ద మృగం సంగతి.

భాద్రపదం వస్తోంది. కనుమలదుర్గంలో వినాయకచవితి అంటే ఇంటింటా మట్టి వినాయకుడే. ఏటి ఒడ్డున మట్టి తవ్వుకొచ్చి, పిసికి, తొండం తిప్పి, కళ్ళకు గురివింద గింజలు అద్ది, పీట మీద కూర్చోబెట్టేవాళ్ళు. పత్రితో పూజ చేసి, ఉండ్రాళ్ళు నైవేద్యం పెట్టి, కథ విని అక్షతలు నెత్తిన వేసుకునేవాళ్ళు. నవరాత్రులు కాగానే మళ్ళీ ఏటికే తీసుకుపోయి నీళ్ళలో కలిపేవాళ్ళు.

ఆ ఏడు మహారాజుకు ఒక ఆలోచన పుట్టింది. ఆయనకు ఆలోచనలు అరుదుగా పుట్టేవి. పుట్టినప్పుడల్లా రాజ్యానికి పురుడొచ్చినంత గోల.

"మట్టి! నేను ఏలే రాజ్యంలో దేవుడు మట్టితోనా? సిగ్గుగా లేదూ? నిలువెత్తు బంగారు వినాయకుణ్ణి చేయించండి!" అన్నాడు.

బంగారం ఎక్కడిది? ఊళ్ళో ఆడవాళ్ళ ముక్కుపుడకలు ఉన్నాయిగా. భటులు ఇంటింటికీ తిరిగి ఊడబెరికి తెచ్చారు. ఆ నెలంతా కనుమలదుర్గంలో ఏ ఆడమనిషి ముక్కు చూసినా చీపురుపుల్లే.

విగ్రహం సగం అయ్యాక మహారాజు చూడబోయాడు. పెదవి విరిచాడు. "ముఖంలో కళ లేదు" అన్నాడు. అని, పక్కనున్న అద్దంలో చూసుకున్నాడు. "కళ ఇక్కడుంది" అన్నాడు.

కంసాలి ఏం చేస్తాడు? రాజుగారి కళ్ళు పెట్టాడు, రాజుగారి బుగ్గలు పెట్టాడు. చివరికి తొండానికి అటూ ఇటూ రాజుగారి మీసాలు కూడా పెట్టాడు. బొజ్జ ఒక్కటే మార్చనక్కర లేకపోయింది.

"ఏమయ్యా శాస్త్రీ, మీసాలున్న వినాయకుడు శాస్త్రంలో ఉన్నాడా?" అని అడిగాడు రాజు.

శంభుశాస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి బిగబట్టాడు. "ఉన్నాడు మహాప్రభో! ఇప్పుడే జ్ఞాపకం వచ్చింది" అన్నాడు.

వెంటనే దండోరా పడింది. ఇళ్ళల్లో ఎవరూ మట్టి విగ్రహం పెట్టకూడదు. అందరూ పత్రి, ఉండ్రాళ్ళు పట్టుకుని దుర్గం మైదానానికి వచ్చి బంగారు వినాయకుణ్ణే కొలవాలి. కాదన్నవాళ్ళకు గుండు గీయించి, గాడిదనెక్కించి, ఎల్ల దాటిస్తారు.

చవితి వచ్చింది. జనం వచ్చారు. రాక చస్తారా, వెనక బల్లేలు ఉంటే? వచ్చి, చేతిలోది అక్కడ కుమ్మరించి, తల దించుకుని పోయారు. ఆ మైదానానికి మనస్ఫూర్తిగా వచ్చినవి మేకలొక్కటే. అంత పత్రి వాటి జన్మలో చూడలేదు.

మర్నాడు కొలువులోకి ఒక ముసలమ్మను లాక్కొచ్చారు భటులు. గవరమ్మ అని, దుర్గం మెట్ల కింద బొరుగులు అమ్ముకునే అవ్వ. నా అన్నవాళ్ళు లేరు. ఒళ్ళో కొంగు కప్పి ఏదో దాచుకుంది. భటుడు కొంగు లాగితే, గుప్పెడంత మట్టి వినాయకుడు. నెత్తిన గరిక. పక్కన నలిగిపోయిన ఉండ్రాయి.

"ముసలీ! దండోరా వినలేదా?" అని గర్జించాడు రాజు. ఆ గర్జనకు పావురాలు లేచిపోయి వారం దాకా తిరిగి రాలేదు.

"విన్నాను దొరా. చెవులు బాగానే ఉన్నాయి."

"మరి ఈ మట్టిముద్ద ఏమిటి?"

"మట్టిముద్ద అనకండి దొరా, వినాయకుడు. నిన్ననే మా ఇంటికి వచ్చాడు."

"నా బంగారు వినాయకుణ్ణి కొలవడానికి నీకేం రోగం?"

"వచ్చాను దొరా. దండం పెడదామని చేతులెత్తాను. ఆ మీసాలు చూసేసరికి పన్ను వసూలుకు వచ్చారనుకున్నాను. చేతులు వాటంతటవే దిగిపోయినాయి."

కొలువంతా నవ్వు మింగింది. మింగిన నవ్వు కొందరికి ఎక్కిళ్ళై బయటికి వచ్చింది. మహారాజు మీసం కొసలు రెండూ కోపంతో పైకి లేచాయి. ఓబులేసు వాటిని పట్టుకుని వేలాడాల్సి వచ్చింది.

"దీనికి గుండు గీయండి! గాడిదనెక్కించండి! ఆ ముద్దను నా కళ్ళముందే తొక్కి పారేయండి!"

గవరమ్మ గుండు మాటకు చలించలేదు. గాడిద మాటకూ చలించలేదు. తొక్కుతామనేసరికి మాత్రం విగ్రహాన్ని గుండెకు హత్తుకుని ముడుచుకుపోయింది. "నన్నేం చేసినా చేయండి దొరా. ఇంటికొచ్చినవాణ్ణి తొక్కకండి. సాగనంపేదాకా ఉండనివ్వండి" అంది. ఆ గొంతుకు అక్కడున్న భటుడు కూడా కాలు వెనక్కి తీసుకున్నాడు.

అప్పుడు లేచాడు కూచన.

"ఆగండి ప్రభూ! ఆ విగ్రహం ఈమె నేరానికి సాక్ష్యం. తొక్కేస్తే సాక్ష్యం పోతుంది. రేపు ఎవరైనా 'అక్కడ విగ్రహమే లేదు, రాజుగారు ముసలమ్మ చేతిలో ఉండ్రాయి చూసి దడుచుకున్నారు' అంటే ఏం చెబుతాం?"

"నేనా? దడుచుకోవడమా?"

"అందుకే మనవి చేస్తున్నాను. ఈమెనూ ఆ వినాయకుణ్ణీ ఇద్దర్నీ చెరసాలలో పెట్టించండి. నిమజ్జనం రోజున ఊరంతా పోగవుతుంది. అప్పుడు శిక్ష వేయండి. ఇక్కడైతే చూసేది మేమే కదా. మాకు తమ ప్రతాపం రోజూ చూసి అలవాటైపోయింది."

జనం ముందు ఏదైనా చేయమంటే మహారాజు కాదనలేడు. సరేనన్నాడు. అని, కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "కూచనా, నీకు ఈ ముసలిదాని మీద జాలి పుట్టినట్టుందే?"

"జాలి కాదు ప్రభూ, అనుమానం పుట్టింది. ఈమె చేసింది పండుగా, తమరు చేస్తున్నది పండుగా అని."

కొలువులో ఈగ వాలితే వినిపించేంత నిశ్శబ్దం. ఒక ఈగ వాలింది కూడా. అందరికీ వినిపించింది.

"అయితే నిమజ్జనం నాటికి తేల్చు!" అని ఊగిపోయాడు రాజు. "ఈ ముసలిదాని పండుగే పండుగని నా నోటితో నాచేత అనిపిస్తే, దీన్ని వదిలేస్తాను. అనిపించలేకపోయావా, అదే గాడిద మీద దీని వెనకాల నువ్వు కూర్చుంటావు. నీకూ గుండే!"

"చిత్తం. గాడిదను కాస్త బలమైనదాన్ని చూడమనండి. అవ్వ బరువు లేదు గానీ నా దగ్గర పురాణాల బరువుంది" అని దండం పెట్టాడు కూచన. పెట్టినవాడు కూర్చోకుండా తల గోక్కున్నాడు. "ఒక్క చిన్న మాట ఉంది. చెప్పడానికి నోరు రావడం లేదు."

"వాగు!"

"ఏటవతలి రాజు ఏదో అన్నాడట. ఉద్దండకేసరికి పండుగ మొదలుపెట్టడమే వచ్చు, ముగించడం చేతకాదు, నడుమలో ఏదో ఒక తంతు ఎగ్గొడతాడు చూడండి అని పందేలు కాస్తున్నాడట."

మహారాజు సింహాసనం మీద లేచి నిలబడ్డాడు. "నేనా? తంతు ఎగ్గొట్టడమా? వేయించండి దండోరా! ప్రతిష్ఠ మొదలు నిమజ్జనం దాకా ఒక్క తంతు తగ్గకూడదు! తగ్గించినవాడికి అదే గుండు, అదే గాడిద!"

"తగ్గించినవాడు ఎవరైనా సరేనా ప్రభూ?"

"ఎవడైనా సరే! నా మీసం మీద ఒట్టు!"

ఆ మాటకు శంభుశాస్త్రికి పొలమారింది. ఏమవబోతోందో ఆ కొలువులో కూచన తర్వాత అర్థమైనది ఆయనొక్కడికే. చదువుకున్న మనిషి కదా. నోరు తెరిచాడు. రాజు "ఏం?" అన్నట్టు చూశాడు. "అద్భుతం అంటున్నాను మహాప్రభో" అని నోరు మూసుకున్నాడు. ఏం లాభం, అన్ని శాలువాలు కప్పుకుంటే చలి ఆగుతుంది గానీ వణుకు ఆగుతుందా?

ఇక చెరసాలలో ఏం జరిగిందో వినండి.

మొదటి రోజు కావలి భటుడు ఎవరూ చూడకుండా రెండు గరిక పోచలు తెచ్చి గవరమ్మకు ఇచ్చాడు. రెండో రోజు వాడి భార్య కుడుములు చేసి పంపింది. మూడో రోజుకు ఊళ్ళో తెలిసిపోయింది, రాజ్యంలో మిగిలిన ఒకే ఒక్క మట్టి వినాయకుడు చెరసాలలో ఉన్నాడని. అంతే, నేరాలు మొదలయ్యాయి.

"అయ్యా, నేను దొంగతనం చేశాను. లోపల వేయండి" అని వచ్చాడు ఒక గానుగవాడు.

"ఏం దొంగిలించావు?"

"ఇంకా ఏం తీయలేదు. కావాలంటే ఇప్పుడే మీ తలపాగా తీస్తాను. తొందరగా పంపండి బాబూ, హారతి అయిపోతోంది."

ఒకడు పక్కింటివాణ్ణి తిట్టానని వచ్చాడు. ఆ పక్కింటివాడు 'అవును, నన్ను తిట్టాడు, సాక్ష్యం చెబుతాను' అంటూ వాడి వెనకే వచ్చాడు, చేతిలో మారేడు పత్రితో. ఒకావిడ మొగుణ్ణి కొట్టానంది. మొగుడు సంతోషంగా అవునవునని తలూపాడు, ఇద్దర్నీ లోపలికి పంపమని. శంభుశాస్త్రి భార్య అయితే నేరమే చెప్పలేదు. "నేను ఆయనతో కాపురం చేస్తున్నాను, అది చాలదా?" అంది. భటుడు దండం పెట్టి తలుపు తీశాడు.

చెరసాలలో చోటు చాలక పాత దొంగల్ని బయటికి పంపాల్సి వచ్చింది. వాళ్ళు వెళ్ళం గాక వెళ్ళం అని మొండికేశారు. గవరమ్మ అందరికీ బొరుగులు పంచేది. గుప్పెడు బొరుగులు తొమ్మిది రోజులు ఊరంతటికీ సరిపోయాయి. ఇదొక్కటీ నేను కూడా మొదట నమ్మలేదు. తర్వాత నమ్మాను. మీరు కూడా తర్వాత నమ్ముతారు.

అక్కడ మైదానంలో మహారాజు బంగారు వినాయకుడి పక్కన పట్టుబట్టలు కట్టుకుని కూర్చుని, దండాలు తనకు పెడుతున్నారా విగ్రహానికి పెడుతున్నారా అని మెడ చాచి చూసేవాడు. ఎవరూ ఎవరికీ పెట్టడం లేదు. మేకలు మాత్రం రోజూ వేళకు వచ్చేవి.

నిమజ్జనం రోజు వచ్చింది.

తెల్లవారేసరికే దుర్గం కింద జనసముద్రం! ఏ బల్లెమూ పొడవకుండానే వచ్చారు. డప్పులు, కొమ్ములు, తాళాలు. కుంటివాళ్ళు గంతులేశారు. మంచం పట్టిన ముసలాళ్ళు మంచంతో సహా వచ్చారు. మహారాజు మేడ మీంచి చూసి పొంగిపోయాడు.

"చూశావా కూచనా! ఇదీ భక్తి అంటే! ఇన్నాళ్ళూ దాచుకున్నారు."

"అవును ప్రభూ. ఈ రోజు కోసమే దాచుకున్నారు."

బంగారు వినాయకుణ్ణి రథమెక్కించారు. ఏనుగులు లాగాయి. జనం పూలు చల్లారు. ఏటి ఒడ్డుకు చేరేసరికి సూర్యుడు నెత్తిమీదికి వచ్చాడు. శంభుశాస్త్రి తడబడుతూ ఉద్వాసన మంత్రం చదివి, విగ్రహాన్ని తాకి కొద్దిగా కదిపాడు. దేవుడు సెలవు తీసుకున్నాడన్నమాట. ఇక మిగిలింది నీళ్ళలో దింపడమే.

"ముంచండి!" అని అరిచాడు ఒకడు.

"ముంచండి! ముంచండి!" అని అరిచింది ఊరు. ఆ అరుపుకు ఏరు రెండు క్షణాలు పారడం మానేసి చూసింది.

మహారాజు నవ్వుతూ ఇటు తిరిగాడు. "ఏమిటి ముంచేది?"

"విగ్రహం ప్రభూ" అన్నాడు కూచన.

"ఏ విగ్రహం?"

"ఇదే. బంగారంతో చేసి, తమ కళ్ళు పెట్టి, తమ మీసాలు పెట్టి, తొమ్మిది రోజులు కొలిపించిన విగ్రహం."

మహారాజు నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, దించడం మరిచిపోయాడు. "బంగారాన్ని ఏట్లో పోస్తామా? పిచ్చా? శాస్త్రీ!"

"లోహంతో చేసినదాన్ని ముంచనక్కర లేదు మహాప్రభో" అని గొణిగాడు శంభుశాస్త్రి. "ఉద్వాసన చెప్పి లోపల పెట్టుకోవచ్చు."

"శాస్త్రిగారు నిజం చెప్పారు ప్రభూ!" అని చేతులు జోడించాడు కూచన. "ఈ పండుగ మొదలయ్యాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి నిజం ఇదే. దండోరా వేసేముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! శాస్త్రం అక్కరలేదంటోంది. తమరు మాత్రం నిమజ్జనం దాకా ఒక్క తంతు తగ్గినా గుండు, గాడిద అన్నారు. మీసం మీద ఒట్టు కూడా పెట్టారు. గాడిద అదిగో, ఆ పొద దగ్గర కట్టేసి ఉంది."

మహారాజు గాడిద వైపు చూశాడు. గాడిద మహారాజు వైపు చూసింది. బరువు అంచనా వేస్తున్నట్టు దాని ముఖం దిగాలుగా ఉంది.

"అయితే... అయితే ముంచి వెంటనే తీసేయండి!"

"చిత్తం. దించండర్రా!"

తాళ్ళు కట్టి విగ్రహాన్ని నీళ్ళలోకి దించసాగారు. డప్పులు చెలరేగాయి. పండుగంతా పెదవి విప్పని జనం ఇప్పుడు గొంతు చించుకున్నారు.

"పోయి రావయ్యా మీసాలయ్యా!"

"వెళ్ళి రావయ్యా, వేగం వెళ్ళవయ్యా!"

"వెళ్ళు చాలు! రాకపోయినా ఏమీ అనుకోం!"

ఆడవాళ్ళు ముక్కుల్లో చీపురుపుల్లలు పీకి నీళ్ళలో విసిరారు. బొజ్జ మునిగింది. ఛాతీ మునిగింది. నీళ్ళు మీసాల దాకా వచ్చాయి. ఒడ్డున మహారాజు తనకు తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు. తన ముఖం. తన ఏరు. తన జనం. అంత ఆనందంగా తన ముఖాన్ని ముంచుతుంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఏ శత్రువు కత్తీ ఆయనకు అంత లోతుగా దిగలేదు.

"ఆపండి!" అని కేక వేశాడు. "పైకి తీయండి!"

తీశారు. డప్పులు ఆగాయి. మీసాల కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. విగ్రహానికి, మహారాజుకు కూడా. ఆయనవి చెమటనీళ్ళు.

కూచన రాజు దగ్గరికి వెళ్ళి మెల్లగా అన్నాడు. "ముంచితే ఊరంతా కలిసి తమ ముఖాన్ని ముంచినట్టు. ముంచకపోతే గుండు. గుండు అంటే తల ఒక్కటేనా, మీసం కూడా తీస్తారా అన్నది శాస్త్రిగారు జ్ఞాపకం చేసుకోవాలి."

ఆ మాటకు ఓబులేసు బావురుమన్నాడు. వాడి జీతం ఆ మీసం మీదే ఆధారపడి ఉంది మరి.

"కూచనా... ఏదైనా దారి చెప్పు."

ఆ గొంతు గర్జన కాదు. మనిషి గొంతు. కనుమలదుర్గంలో అది మొదటిసారి వినపడింది.

"దారి చెరసాలలో ఉంది ప్రభూ. రాజ్యమంతటా నీళ్ళలో కలపదగిన వినాయకుడు ఒక్కడే మిగిలాడు. ఆ నిమజ్జనమే ఈ రాజ్యపు నిమజ్జనం అనిపించుకుంటే తంతు పూర్తయినట్టే. కాకపోతే ఆయన గవరమ్మ ఇంటికి వచ్చిన చుట్టం. ఆమెను అడగాలి. తమరే అడగాలి."

గవరమ్మను తెచ్చారు. ఆమె వెనకాల చెరసాల చెరసాలంతా వచ్చింది. ఒళ్ళో అదే గుప్పెడంత వినాయకుడు, వాడిన గరిక తీసి తాజా గరిక పెట్టి ఉంది.

మహారాజు గొంతు సవరించుకున్నాడు. మింగాడు. మళ్ళీ సవరించుకున్నాడు. "అవ్వా" అన్నాడు. 'ముసలీ' అనలేదు, గమనించారా? "అవ్వా, నీ పండుగే పండుగ. నాది తిరణాల. ఆ వినాయకుణ్ణి... నన్ను సాగనంపనిస్తావా?"

"దానికేం భాగ్యం దొరా" అంది గవరమ్మ. "కాకపోతే ఆయన్ను మట్టిముద్ద అన్నారు, తొక్కమన్నారు. ముందు గుంజీళ్ళు తీయండి. తీస్తే ఏమీ మనసులో పెట్టుకోడు. ఆయనకు గుంజీళ్ళంటే మహా సరదా."

మహారాజు చుట్టూ చూశాడు. జనం చూస్తున్నారు. గాడిద కూడా చూస్తోంది. చేతులు అడ్డంగా మెలివేసి చెవులు పట్టుకోబోయాడు. మీసాలు అడ్డం వచ్చాయి. అటు తోస్తే ఇటు, ఇటు తోస్తే అటు. చివరికి ఓబులేసు వచ్చి రెండు కొసలూ రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. మహారాజు కూర్చున్నాడు, ఓబులేసూ కూర్చున్నాడు. మహారాజు లేచాడు, ఓబులేసూ లేచాడు. పట్టు వదిలితే ఉద్యోగం పోతుంది, ఏం చేస్తాడు?

రాజు తీస్తుంటే తాను ఊరుకోవడం రాజద్రోహమనిపించింది శంభుశాస్త్రికి. ఆయనా మొదలుపెట్టాడు. ఒకసారి కూర్చున్నాడు. లేవబోతే పైశాలువా కాలికింద పడింది, దానికింది శాలువా మెడకు చుట్టుకుంది, తక్కినవి కళ్ళకు కప్పేశాయి. పెద్ద మూటలా దొర్లుకుంటూ, గట్టు మీంచి దొర్లుకుంటూ, దభీమని ఏట్లో పడ్డాడు. శాలువాలు ఒక్కొక్కటే విప్పుకుంటూ రంగురంగులుగా దిగువకు తేలిపోయాయి. ఆఖరికి నడుంలోతు నీళ్ళలో గోచీతో పండితుడు బయటపడ్డాడు. ఇన్నేళ్ళకు ఆయన అసలు కొలత తెలిసింది. కూచనలో సగం ఉన్నాడు.

మహారాజు చెవులు పట్టుకునే ఆగిపోయాడు. పొట్ట కదిలింది. భుజాలు కదిలాయి. తర్వాత వచ్చింది నవ్వు! ఆ నవ్వుకు ఏట్లో చేపలు ఎగిరి ఒడ్డున పడ్డాయి, రథం మీద చెక్కిన గుర్రపు బొమ్మలు సకిలించాయి, ఏటవతలి రాజు తన ఊళ్ళో భోంచేస్తూ విస్తరి ముందు ఉలిక్కిపడ్డాడు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. తనను చూసుకుని నవ్వాడు. మిగిలిన గుంజీళ్ళు నవ్వుతూనే తీశాడు.

తర్వాత పట్టుబట్టలతోనే ఏట్లోకి దిగాడు. గుప్పెడంత వినాయకుణ్ణి రెండు చేతుల్లో పెట్టుకుని, ఛాతీ లోతుకు వెళ్ళి, మెల్లగా నీళ్ళలో ఉంచాడు. తొండం కరిగింది. బొజ్జ కరిగింది. గరిక పోచ ఒకటి తేలి, ఆయన వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. డప్పులు మోగలేదు. ఎవరూ అరవలేదు. అందరి చేతులూ వాటంతటవే లేచాయి.

"ఇంతేనా అవ్వా?" అన్నాడు వెనక్కి తిరిగి.

"ఇంతే దొరా. వచ్చే ఏడు మళ్ళీ మట్టి తెచ్చుకుంటాం."

ఒడ్డుకు వచ్చి గవరమ్మ కాళ్ళకు దండం పెట్టి, వెళ్ళిరమ్మన్నాడు. బంగారు విగ్రహాన్ని కరిగించి, తక్కువైతే ఖజానాలోంచి కలిపి, ఎవరి ముక్కుపుడక వాళ్ళకు చేయించి ఇమ్మన్నాడు. కూచన వైపు తిరిగి, ఇంకా ఆగని నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"నా చేత అనిపించావు కదరా! ఏం కావాలో కోరుకో."

"ఆ గాడిదను ఇప్పించండి ప్రభూ. నా కోసమే తెప్పించారు. పాపం, ఇందాకటి నుంచి ఎవరు ఎక్కుతారోనని దిగులు పడుతోంది."

గాడిదను ఇచ్చాడు. ఒట్టి గాడిదను కాదు. బంగారు విగ్రహానికున్న మీసాలు రెండూ కోయించి దాని వీపు మీద వేయించాడు. కూచన ఇంటికి పోతుంటే ఆ మీసాల కొసలు దారి పొడవునా నేల మీద గీత గీసుకుంటూ పోయాయి. ఆ గీతలో వాన నీళ్ళు నిలిచి కాలువ అయింది. ఇప్పటికీ దాని కింద వరి పండుతోంది.

మరుసటి ఏడు చవితికి మహారాజు స్వయంగా ఏటి మట్టి పిసికి వినాయకుణ్ణి చేసుకున్నాడు. తొండం వంకర వచ్చింది. చెవి ఒకటి పెద్దదైంది. మీసాలు మాత్రం పెట్టలేదు.

అయింది. ఏం, ఇంకా అనుమానమా? నా పళ్ళ వైపు అలా చూడకండి, వాటిని ఎవరూ తాకలేరు. సాక్షి ఉన్నాడన్నానా? ఆ రోజు అందరికన్నా దగ్గరగా ఉన్నవాడు, ఏ తప్పూ చేయకుండా రాజుగారితో సమానంగా గుంజీళ్ళు తీసి, ఆ తర్వాత నెల రోజులు మెట్లు దిగలేకపోయినవాడు, చచ్చేదాకా ఈ కథ ప్రమాణం చేసి చెప్పినవాడు ఒకడున్నాడు. వెళ్ళి అడగండి. దుర్గం దగ్గర ఎవరినడిగినా వాళ్ళ ఇల్లు చూపిస్తారు. పేరు, మీసాల ఓబులేసు.